మామ్మ గుర్తుపట్టని గొంతు

తాతయ్య పెద్దకర్మ రోజు సాయంత్రం. భోజనాలు అయిపోయాయి. దూరపు చుట్టాలు బస్సులకి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లం వీధరుగు మీదా, హాల్లో చాపల మీదా కూర్చున్నాం. అప్పుడు చిన్నత్త నా వైపు చూసి అంది: "ఒరే, నవమికి నాన్న కథ చెప్తే రికార్డు చేశావు కదా. ఒక్కసారి పెట్టరా, విందాం."

గుండె గుభేలుమంది. ఎందుకంటే ఆ ఫైళ్లు ఎనిమిది నెలలుగా నా హార్డ్ డిస్క్‌లో ముట్టుకోకుండా పడి ఉన్నాయి. తాతయ్య ఫోన్లో రెండు మూడుసార్లు అడిగారు. "రిలీజ్ అయ్యాక చేసి పంపుతా తాతా" అన్నాను. ఒక రిలీజ్ అయ్యాక ఇంకో రిలీజ్ వచ్చింది. కార్తీకం వచ్చింది. ఆయన వెళ్లిపోయారు.

ల్యాప్‌టాప్ తెచ్చి, చిన్న స్పీకర్ తగిలించి, రెండో రాత్రి రికార్డింగ్ పెట్టాను. చిడతలు మోగాయి, గజ్జెలు మోగాయి, ప్రార్థన మొదలైంది. అత్తలిద్దరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాన్న తల దించుకున్నాడు.

గోడకి ఆనుకుని కూర్చున్న మామ్మ ఒక్కతే కదల్లేదు. ఒక నిమిషం విని, "ఏటిరా ఇది? ఈయనెవుర్రా?" అంది.

"తాతయ్యే మామ్మా."

"కాదు. మీ తాతది ఇంత సన్న గొంతు కాదు. ఇంత తొందరా ఉండదు ఆయనకి. ఎవరో కుర్రాడు."

"మైకులో అలాగే ఉంటుందమ్మా" అని నాన్న సర్దిచెప్పబోయాడు. దుఃఖంలో ఉంది, ఏదో అంటోందిలే అన్నట్టు అందరూ ఊరుకున్నారు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. అరవై ఏళ్లు ఆ గొంతు విన్న మనిషి కాదంటోంది. స్పీకర్‌లోంచి వస్తున్నది జాగ్రత్తగా వింటే నాకూ తేడా తెలుస్తోంది. అది మా తాతయ్యే, కానీ మా తాతయ్య కాదు.

స్టాప్ నొక్కేశాను. ఆ రాత్రి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

రెండు పెట్టెలు, ఒక కేబుల్

మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లె. ఆదిభట్ల నారాయణదాసుగారు పుట్టి హరికథకి పేరు తెచ్చిన ప్రాంతం కాబట్టి మా వైపు హరికథ చెప్పేవాళ్లకి గౌరవం ఎక్కువ. ఊళ్లో తాతయ్యని పేరుతో ఎవరూ పిలవరు. దాసుగారనే అంటారు. నేను మాత్రం ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో సర్వర్ల కోడ్ రాసుకునే ఉద్యోగంలో పడ్డాను. పాట రాలేదు కానీ చెవి వచ్చింది. మొదటి బోనస్‌తో ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ కొన్నాను. అంటే మైకులోంచి వచ్చే సిగ్నల్‌ని అంకెలుగా మార్చి ల్యాప్‌టాప్‌కి పంపే పెట్టె.

2023 శ్రీరామనవమికి మా ఊరి పందిట్లో తాతయ్య వరసగా రెండు రాత్రులు కథ చెప్పారు. అప్పటికే ఆయాసం వస్తోంది. ఇంక చెప్పనని ఆ ముందు ఏడాదే అన్నారు. ఊరివాళ్లు బతిమాలితే ఒప్పుకున్నారు. ఇదే చివరిదేమోనని మా అందరికీ లోపల తెలుసు. అందుకే పద్ధతిగా రికార్డు చేద్దామనుకున్నాను.

నా పెట్టెకి మైకు పెట్టుకునే చోట్లు రెండే ఉన్నాయి. నాకు ఎనిమిది కావాలి: తాతయ్య గొంతుకి ఒకటి, మృదంగానికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, వయొలిన్‌కి, హార్మోనియానికి, గజ్జెలకి ఒక్కోటి, జనం సందడికి రెండు. స్టూడియోలో పనిచేసే స్నేహితుడు ఎనిమిది మైకుల పెట్టె అరువిచ్చాడు. దానికీ నా ఇంటర్‌ఫేస్‌కీ మధ్య ఒక సన్నటి ఆప్టికల్ కేబుల్. వెలుతురు రూపంలో ఆ కేబుల్లోంచి ఎనిమిది చానెళ్లు వస్తాయి. దీన్ని ఏడాట్ అంటారు.

అరువు తెచ్చిన పెట్టె నాదానికన్నా మంచిది. అందుకని తాతయ్య గొంతుతో సహా ముఖ్యమైనవన్నీ దానికే ఇచ్చాను. నా పెట్టెకి జనం మైకులు రెండూ మిగిలాయి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మొదటి రాత్రి: టిక్, టిక్

డిజిటల్ రికార్డింగ్ అంటే శబ్దాన్ని ఫొటోలు తీయడం లాంటిది. సెకనుకు 44,100 సార్లో, 48,000 సార్లో ఆ క్షణంలో సిగ్నల్ ఎంతుందో కొలిచి అంకె రాసుకుంటుంది. ఒక్కో కొలత ఒక శాంపిల్. సెకనుకు ఎన్ని అనేది శాంపిల్ రేట్. మనిషి చెవికి వినపడేది సుమారు 20,000 హెర్ట్జ్ వరకే. దేన్నైనా సరిగ్గా పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలవాలి. అందుకే ఈ అంకెలన్నీ నలభై వేలకి పైన ఉంటాయి.

ఇక్కడో ప్రశ్న. "ఇప్పుడు కొలువు, ఇప్పుడు కొలువు" అని ఆ పెట్టెకి చెప్పేదెవరు? లోపల ఉన్న చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. మీ చేతి గడియారంలో సెకనుకు 32,768 సార్లు కంపించేది కూడా ఆ జాతిదే. ఈ తాళం వేసే సర్క్యూట్‌నే క్లాక్ అంటారు.

చిక్కంతా ఏమిటంటే, ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకేలా ఉండవు. రెండు పెట్టెల మీదా 44,100 అనే రాసి ఉంటుంది. లోపల ఒకటి రవ్వంత ముందు, ఒకటి రవ్వంత వెనక. పది లక్షలకి ఇరవై తేడా అనుకుందాం. చాలా చిన్నది. కానీ సెకనుకు 44,100 కొలతలున్నప్పుడు ఆ తేడా సెకనుకు దాదాపు ఒక శాంపిల్ అవుతుంది.

ఇల్లు కట్టేచోట ఇటుకలు అందించుకునే కూలీలని చూసే ఉంటారు. కిందివాడు విసిరే వేగం, పైవాడు పట్టుకునే వేగం ఒకటే అయితే ఇటుక నేల మీద పడదు. కిందివాడు వాడి లెక్కలో వాడు, పైవాడు వాడి లెక్కలో వాడు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఒక ఇటుక పడాల్సిందే. రెండు పెట్టెల మధ్య ఒక శాంపిల్ పడిపోయినప్పుడు మనకి వినపడేది "టిక్".

ఆ రాత్రి నేను చేసిన తప్పు ఇదే. రెండు పెట్టెలూ సొంత క్లాక్ మీదే ఉన్నాయి. సెట్టింగ్స్‌లో "ఇంటర్నల్" అంటారు. ఆప్టికల్ లైటు వెలుగుతోంది, సిగ్నల్ వస్తోంది, అంతా బాగుందనుకున్నాను. కనెక్ట్ అవడం వేరు, సింక్‌లో ఉండడం వేరు అని తట్టలేదు.

హెడ్‌ఫోన్స్‌లో ఆ టిక్కులు వినపడలేదా అంటే, వినపడ్డాయి. చిడతల చప్పుడనుకున్నాను. తాతయ్య చేతిలో చిడతలు ఆడుతూనే ఉంటాయి కదా, మైకు పక్కనే కదా. రాత్రంతా అలాగే అనుకుంటూ కూర్చున్నాను.

పొద్దున్న అరుగు మీద కూర్చుని విన్నాను. తాతయ్య పాట ఆపి పిట్టకథ చెప్పే చోట, చిడతలు ఊరుకున్న చోట కూడా టిక్, టిక్. ఆయన గొంతు మీదే. జనం మైకులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మంచి పెట్టె అని దేన్ని నమ్మానో దాన్లోవన్నీ పాడయ్యాయి.

కాఫీ గ్లాసుతో తాతయ్య వచ్చి నా మొహం చూసి, "ఏటయిందిరా?" అన్నారు.

"రెండు పెట్టెలు తాతా. దేని తాళం అది వేసుకున్నాయి."

ఆయన నవ్వారు. "కొత్త మృదంగం ఆయన వస్తే నేను మొదట చెప్పేది అదే. నా మొహం చూడకు, కాళ్లు చూడకు, చిడతలు చూడు అంటాను. తాళం ఒకరి చేతిలోనే ఉండాలి. ఇద్దరి చేతుల్లో ఉంటే కథ నడవదు."

మాన్యువల్లో మూడు పేజీల్లో ఉన్న సంగతి ఆయన మూడు ముక్కల్లో చెప్పేశారు. ఎన్ని డిజిటల్ పెట్టెలు కలిపినా క్లాక్ ఒకటే ఉండాలి. మిగిలినవన్నీ దాన్ని చూసి నడవాలి. సిగ్గుగా కూడా అనిపించింది. ఆఫీసులో సర్వర్ల గడియారాలు కలవకపోతే లాగ్స్ ఎలా తారుమారవుతాయో జూనియర్లకి చెప్పేది నేనే.

రెండో రాత్రి: టిక్ లేదు, కానీ...

ఆ మధ్యాహ్నం నా ఇంటర్‌ఫేస్ సెట్టింగ్స్ తెరిచి క్లాక్ సోర్స్‌ని ఇంటర్నల్ నుంచి ఏడాట్‌కి మార్చాను. లోపల ఎక్కడో "టక్" మంది, ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత సౌండ్ వచ్చింది. ఇప్పుడు అరువు పెట్టె తాళం వేస్తుంది, నాది దాన్ని అనుసరిస్తుంది. పది నిమిషాలు టెస్ట్ రికార్డింగ్ చేశాను. ఒక్క టిక్ లేదు. అరిచినంత పని చేశాను.

అప్పుడే బాబాయ్ కొడుకు వచ్చాడు. ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి వీడియో తీస్తానన్నాడు. "అన్నయ్యా, వీడియోకి 48 కదా ఉండాలి?" అన్నాడు. నిజమే. వీడియో ప్రపంచంలో 48,000 మామూలు. సీడీల ప్రపంచంలో 44,100.

ఆ 44,100 అనే వంకర అంకె ఎక్కడిదో తెలుసా? 1970ల చివర్లో డిజిటల్ ఆడియో దాచడానికి సరిపడా జాగా ఉన్నది వీడియో టేపుల్లోనే. టీవీ బొమ్మలో ఒక్కో గీతకి మూడేసి శాంపిల్స్ రాసేవాళ్లు. అమెరికా, జపాన్ పద్ధతిలో ఫీల్డుకి 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు. 245ని 60తో, దాన్ని 3తో గుణించండి: 44,100. యూరప్ పద్ధతిలో 294 గీతలు, 50 ఫీల్డులు. మూడుతో గుణిస్తే మళ్లీ 44,100. రెండు చోట్లా కుదిరిన అంకె కాబట్టి 1982లో సీడీ మార్కెట్‌కి వచ్చినప్పుడు దానితోనే వచ్చింది. ఆ టేపులు పోయాయి, అంకె మాత్రం ఉండిపోయింది. ఇప్పటికీ మనం ఈ రెండు అంకెల మధ్య అవస్థ పడుతున్నాం. చాలా పెట్టెల్లో 44,100 కుటుంబానికి ఒక స్ఫటికం, 48,000 కుటుంబానికి ఇంకో స్ఫటికం విడివిడిగా ఉంటాయి.

సరే, తమ్ముడు చెప్పాడని ల్యాప్‌టాప్‌లో కొత్త ప్రాజెక్ట్ 48,000తో తెరిచాను. అరువు పెట్టె ముందువైపు శాంపిల్ రేట్ మీట ఉంది. అది ముందు రాత్రి పెట్టిన 44,100 దగ్గరే ఉంది. దాన్ని మార్చడం మర్చిపోయాను.

ఇప్పుడు ఏమైందో చూడండి. తాళం వేస్తున్నది అరువు పెట్టె. అది సెకనుకు 44,100 సార్లే వేస్తోంది. నా ఇంటర్‌ఫేస్ బుద్ధిగా దాన్నే అనుసరిస్తోంది. ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ మాత్రం వస్తున్నవన్నీ 48,000 లెక్కలో వస్తున్నాయనుకుని ఫైల్ మీద ఆ అంకె వేసేసింది. స్క్రీన్ మూలన ఒక చిన్న పసుపు గుర్తు వెలిగింది. ఇంకా సింక్ అవుతోందేమోలే అనుకున్నాను. తాళం ఎవరి చేతిలో ఉందో చూసుకున్నాను కానీ, ఏ కాలంలో వేస్తున్నారో చూసుకోలేదు. ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు.

కథ అయ్యాక పందిట్లోనే ఐదు నిమిషాలు ప్లే చేసి విన్నాను. అద్భుతంగా ఉంది! ఎందుకుండదు? ప్లే చేసినప్పుడు కూడా తాళం వేస్తున్నది ఆ పెట్టే. 44,100తో తీసింది 44,100తోనే వినిపించింది. తప్పు, తప్పుతో కలిసి సరిపోయింది. ఆ కేబుల్ పీకేసి, ఫైల్‌ని మామూలు ల్యాప్‌టాప్‌లో పెట్టిన రోజు కానీ తప్పు బయటపడదు. ఆ రోజు ఎనిమిది నెలల తర్వాత వచ్చింది. ఇల్లంతా చుట్టాలున్నప్పుడు వచ్చింది.

82 నిమిషాల 41 సెకన్లు

పెద్దకర్మ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. డాబా మీదకి వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచాను. అప్పటికి నాకు కారణం తెలియదు. ఫైల్ పాడయిందేమో, ఇంక ఏమీ చేయలేమేమో అన్న భయమే ఉంది. ఆయన్ని మళ్లీ నిలబెట్టి ఇంకోసారి చెప్పించుకునే అవకాశం లేదు. ఆఫీసులో ఏ బగ్ వచ్చినా మళ్లీ రన్ చేసి చూస్తాం. ఇక్కడ మళ్లీ రన్ చేయడం లేదు.

తమ్ముడి ఫోన్ వీడియో గుర్తొచ్చింది. లేపి అడిగి తీసుకున్నాను. వీడియోలో తాతయ్య గొంతు తాతయ్య గొంతులాగే ఉంది. దూరంగా, గరగరగా, కానీ ఆయనే. అందులో మొదటి చిడతల దెబ్బ నుంచి, పందిరి వెనక పిల్లలు టపాకాయ పేల్చే చోటు దాకా చూశాను. 90 నిమిషాలు. అవే రెండు చప్పుళ్ల మధ్య నా ఫైల్‌లో 82 నిమిషాల 41 సెకన్లు.

ఏడు నిమిషాలకు పైగా ఎక్కడికి పోయాయి? మధ్యలో ఏ ముక్కా పోలేదు. ప్రతి మాటా ఉంది. కాలిక్యులేటర్‌లో భాగించాను. 0.9187.

ఆ అంకె చూడగానే లేచి నిలబడ్డాను. 44,100ని 48,000తో భాగించినా అదే వస్తుంది.

అంటే ఫైల్ పాడవలేదు. దాని మీద రాసిన అంకె ఒక్కటే తప్పు. ఆయన చెప్పిన ప్రతి సెకనులో 44,100 కొలతలున్నాయి. ప్లేయర్ వాటిని సెకనుకు 48,000 చొప్పున చదివేస్తోంది. కాబట్టి అంతా దాదాపు తొమ్మిది శాతం వేగంగా పరిగెడుతోంది. వేగంతో పాటు శ్రుతి కూడా పెరుగుతుంది. తాతయ్య ఆ రాత్రి రెండు శ్రుతిలో పాడారు. స్పీకర్‌లో వచ్చింది రెండున్నరకీ మూడుకీ మధ్య ఎక్కడో, హార్మోనియం మీద ఏ మెట్టూ లేని చోట. పాట ఒక్కటే కాదు, గొంతులోని గంభీరం కూడా అదే లెక్కలో పైకి జరుగుతుంది. మనిషే చిన్నవాడైపోయినట్టు వినపడుతుంది. "ఎవరో కుర్రాడు" అని మామ్మ అన్నది అక్షరాలా నిజం.

ఇక్కడ తెలియనివాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. ఫైల్‌ని 48,000 నుంచి 44,100కి "కన్వర్ట్" చేస్తారు. కన్వర్ట్ చేస్తే సాఫ్ట్‌వేర్ వేగం మారకుండా జాగ్రత్తగా కొత్త శాంపిల్స్ లెక్కగడుతుంది. అంటే తప్పు గొంతు తప్పుగానే, కొత్త అంకెతో భద్రంగా ఉంటుంది. ఇక్కడ చేయాల్సింది కన్వర్ట్ కాదు, పేరు సరిదిద్దడం. మామూలు వేవ్ ఫైల్ మొదట్లో నాలుగు బైట్లలో శాంపిల్ రేట్ రాసి ఉంటుంది. దాని పక్కన సెకనుకు ఎన్ని బైట్లో చెప్పే అంకె ఉంటుంది. పైథాన్‌లో పది లైన్ల స్క్రిప్ట్ రాసి ఆ రెండింటినీ మార్చాను. శబ్దం ఉన్న భాగాన్ని ముట్టుకోలేదు. ముందు కాపీ తీసుకుని కాపీ మీదే చేశాను. చేతులు వణుకుతున్నాయి మరి.

ప్లే నొక్కాను.

తెల్లవారుజామున నాలుగింటికి, డాబా మీద, చలిలో, హెడ్‌ఫోన్స్‌లో మా తాతయ్య నెమ్మదిగా, బరువుగా ప్రార్థన మొదలుపెట్టారు. కర్మ పదకొండు రోజుల్లో నాకు ఏడుపు రాలేదు. అప్పుడొచ్చింది.

తర్వాత వీడియోతో కలిపి చూస్తే, మొదట్లో పెదాలకీ మాటకీ సరిగ్గా సరిపోయింది. తొంభై నిమిషాల చివర దాదాపు పదో వంతు సెకను తేడా వచ్చింది. అది తప్పు కాదు. ఫోన్‌లో ఒక స్ఫటికం, ఆ పెట్టెలో ఇంకోటి. పది లక్షలకి ఇరవై. అంత సంగతి తెలిశాక ఆ తేడా చూస్తే నవ్వొచ్చింది.

పోయినవి తిరిగి రావు

మొదటి రాత్రి సంగతి వేరు. అక్కడ అంకె తప్పు కాదు, ఇటుకలే పడిపోయాయి. సెకనుకు దాదాపు ఒకటి చొప్పున, గంటన్నరకే నాలుగు వేలకు పైన. పడిపోయిన శాంపిల్ ఎక్కడా ఉండదు. అటూ ఇటూ ఉన్నవాటిని చూసి మధ్యలో ఏముండేదో ఊహించి అతుకు వేయడమే.

టిక్కులు తీసేసే ఆటోమేటిక్ టూల్స్ ఉన్నాయి. వాడాను. అవి టిక్కులతో పాటు చిడతల చప్పుడు కూడా మింగేశాయి. ఆ రాత్రి నేను చేసిన తప్పే ఆ సాఫ్ట్‌వేర్ చేసింది, కాకపోతే తిరగేసి. నేను టిక్కుని చిడత అనుకున్నాను, అది చిడతని టిక్ అనుకుంది. అన్డూ చేసి చేత్తో మొదలుపెట్టాను. రోజూ ఆఫీసు అయ్యాక రాత్రి గంట, గంటన్నర. గట్టిగా పాడేచోట చాలా టిక్కులు పాటలో కలిసిపోయి వినపడవు. వాటిని వదిలేశాను. మాట్లాడే చోట, రాగం తీసే చోట, ఊపిరి తీసుకునే చోట ఒక్కోటీ వెతికి అతికాను. మూడు నెలలు పట్టింది.

ఆ మూడు నెలల్లో ఆయన్ని విన్నంతగా, బతికున్నప్పుడు విన్లేదు. ఏ మాట ముందు ఆగుతారో, జనం నవ్వకపోతే అదే మాట రెండోసారి ఎలా తిప్పి అంటారో, ఆయాసం వస్తే హార్మోనియం ఆయనకి ఎలా సైగ చేస్తారో అన్నీ తెలిశాయి. ఫోన్ చేసి "తాతా, అక్కడ భలే చెప్పావు" అనాలనిపించేది. "రిలీజ్ అయ్యాక" అన్న మాట గుర్తొచ్చేది.

మీరు రికార్డు చేయబోతుంటే

మీలో పాడ్‌కాస్ట్‌లు, కవర్ సాంగ్స్, పెళ్లి కచేరీలు రికార్డు చేసేవాళ్లు చాలామంది ఉంటారు. నా దెబ్బలు మీకొద్దు. ఇవి చూసుకోండి.

డిజిటల్ పెట్టెలు రెండు కలిపితే, వాటిలో ఒకటే ఇంటర్నల్ క్లాక్ మీద ఉండాలి. రెండోది దాన్ని అనుసరించాలి. ఏడాట్, ఎస్పీడిఫ్ కేబుల్స్‌లో సౌండ్‌తో పాటే క్లాక్ కూడా వస్తుంది. కాబట్టి సౌండ్ పంపేది లీడర్, అందుకునేది ఫాలోయర్ అనుకుంటే తేలిక. పెట్టెలు ఎక్కువైతే వర్డ్ క్లాక్ అని దానికోసమే వేరే కేబుల్ ఉంటుంది.

ప్రాజెక్ట్‌లో శాంపిల్ రేట్, ఇంటర్‌ఫేస్‌లో రేట్, అవతలి పెట్టె మీద రేట్ మూడూ మీ కళ్లతో చూడండి. ఒకదాన్ని మార్చితే మిగతా రెండూ మారిపోయాయని అనుకోకండి. రికార్డింగ్ మధ్యలో రేట్ మార్చకండి. వీడియో ఉంటే మొదటి నుంచీ 48,000 పెట్టుకోండి.

రెండు యూఎస్‌బీ మైకులు ఒకే కంప్యూటర్‌కి పెట్టినా ఇదే గొడవ. దేని క్లాక్ దానిదే. మ్యాక్‌లో రెండింటినీ ఒకటిగా కలిపే సదుపాయం ఉంది. అందులో ఒకదాన్ని క్లాక్‌గా పెట్టి, రెండోదానికి డ్రిఫ్ట్ కరెక్షన్ టిక్ పెట్టాలి. ఇద్దరు స్నేహితులు ఎవరి ఫోన్‌లో వాళ్లు రికార్డు చేసుకుంటే, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చప్పట్లు కొట్టండి. ఎంత జరిగిందో తెలిసిపోతుంది.

టెస్ట్ రికార్డింగ్‌ని ఆ సెటప్‌లోనే వినకండి. ఫైల్‌ని ఫోన్‌లోకి పంపించుకుని వినండి. నేను ఆ ఒక్క పని చేసుంటే తప్పు పందిట్లోనే దొరికిపోయేది.

అన్నిటికన్నా ముఖ్యమైనది, రికార్డు చేసినది ఆ వారంలోనే వినిపించండి. ఎవరిదైతే గొంతో వాళ్లకి.

మళ్లీ నవమి

2024 శ్రీరామనవమికి ఊరికి వెళ్లాను. తాతయ్య లేని మొదటి పందిరి. రెండో రాత్రి కథ మొత్తం పందిట్లో పెద్ద స్పీకర్ల మీద వేద్దామని కమిటీ వాళ్లు అడిగారు. దానికి ముందు పొద్దున్నే ఇంట్లో మామ్మకి ఒక్కదానికే వినిపించాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకోనంది, స్పీకర్ మీదే పెట్టాను.

ప్రార్థన అయింది. మామ్మ ఏమీ అనలేదు. కథలోకి వచ్చారు. ఏమీ అనలేదు. నాకు భయం వేసింది. పదో నిమిషంలో ఒక పద్యం ఎత్తుకోబోతూ తాతయ్య దగ్గారు. ఆ దగ్గుని తీసేద్దామని ఒకసారి సెలెక్ట్ కూడా చేశాను. ఎందుకో మనసొప్పక వదిలేశాను.

మామ్మ తల ఊపింది. "ఆ, ఈయనే" అంది. "చెప్తూనే ఉన్నాను, చల్లటి నీళ్లు తాగొద్దని."

తర్వాత స్పీకర్‌ని తన దగ్గరకి జరుపుకుంది.